నాలుగో మంచం మాట

సోమవారం పొద్దున ఆడవాళ్ల వార్డు రిజిస్టరు మీద వేలు పెట్టి వరసలు చూసుకుంటూ పోతున్న రికార్డుల గుమాస్తాకి, నాలుగో వరస దగ్గర ఏదో గరుకుగా తగిలింది. వేలు వెనక్కి తీసి మళ్ళీ పెట్టాడు. మిగతా పేజీ అంతా నున్నగా ఉంది. అక్కడ మాత్రం కాగితానికి నూగు లేచి ఉంది.

సొరుగులోంచి భూతద్దం తీశాడు. ఆ మానసిక వైద్యశాలలో ఇరవై రెండేళ్లుగా ప్రతి రిజిస్టరూ అతని చేతిమీదుగానే నడుస్తోంది. ఆ భూతద్దం లేకుండా ఏ కాగితాన్నీ నమ్మడు కాబట్టి అందరూ అతన్నే భూతద్దం అంటారు, వెనకాల. వెనకాల అంటారని అతనికి తెలుసు. మొహం మీద ఎందుకు అనరన్నదే అతని అనుమానం.

వార్డు రిజిస్టరులో ఒక్కో మంచానికి ఒక్కో వరస. పేరు, స్వభావం, జాగ్రత్తలు. నాలుగో మంచం ఆమె స్వభావం ‘కొడుతుంది’ అనీ, జాగ్రత్త ‘చేతులు కట్టాలి’ అనీ ఉండాలి. ఇప్పుడు అక్కడ ‘నెమ్మది’, ‘అక్కర్లేదు’ అని ఉన్నాయి. పేజీని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. ఎవరో బ్లేడుతో పాత మాటల్ని గీకేసి, పైన కొత్తవి రాశారు. పాత సిరా ఇంకా అడుగున లీలగా కనపడుతోంది.

గురువారం పరిశీలన కమిటీ వస్తుంది. రోగుల్లో ఎవరు ఇంటికి వెళ్ళొచ్చు, ఎవరు ఇంకో ఏడాది ఉండాలి అన్నది తేల్చేది వాళ్లే. రెండు వందలమంది రోగులకి ఇద్దరు పెద్ద డాక్టర్లు, ఒక పూట సమయం. కాబట్టి వాళ్లు మనిషిని చూసేకంటే రిజిస్టరునే ఎక్కువ చూస్తారు. ‘కొడుతుంది’ అని ఉంటే పేజీ తిప్పేస్తారు. ‘నెమ్మది’ అని ఉంటే లోపలికి పిలుస్తారు. ఎవరో ఈ ముక్క బాగా తెలిసినవాళ్లే చేశారు. తన చిన్న సంతకం లేకుండా రిజిస్టరులో అక్షరం మార్చడం అంటే ఉద్యోగం వదులుకోవడమే. అంత తెగించింది ఎవరు?

రాత పోల్చుకుందామని మళ్ళీ భూతద్దం పట్టాడు. ‘ది’ చివర తోకని పైకి లాగి వదిలేసిన తీరు చూసి అద్దం తుడిచి మళ్ళీ చూశాడు. అలా వదలడం ఆ ఆసుపత్రిలో ఒక్కడికే అలవాటు. ఆ రాత అచ్చం తనదే.

ఒక్క నిమిషం అతను తనని తానే అనుమానించాడు. ఇరవై రెండేళ్లలో ఆ ఒక్కరే మిగిలిపోయారు మరి.

రిజిస్టరు చంకలో పెట్టుకుని వార్డుకి నడిచాడు. మామూలుగా బంట్రోతు తీసుకెళ్తాడు. ఈ రోజు తనే తీసుకెళ్ళి, తెరిచినప్పుడు ఎవరి మొహం ఎలా మారుతుందో చూడాలని అతని ఎత్తు.

పొద్దున చదువు మొదలైంది. రోజుకి రెండుసార్లు, డ్యూటీలు మారే వేళ, సిస్టరు రిజిస్టరు పట్టుకుని మంచం మంచం దగ్గరా నిలబడి వరస గట్టిగా చదవాలి. ఎవరిని ఎలా చూసుకోవాలో విని ఆయా పని చేయాలి. అది అక్కడి పద్ధతి.

“ఒకటి. ఏడుస్తుంది. ఒంటరిగా వదలరాదు,” అంది సిస్టరు, తలుపు మీద బోర్డు చదివినట్టు. “రెండు. తినదు. దగ్గరుండి తినిపించాలి. మూడు. పారిపోతుంది. తలుపు వేసి ఉంచాలి.”

నాలుగో మంచం దగ్గరికి వచ్చింది. భూతద్దం ఆమె మొహం మీదే చూపు నిలిపాడు. సిస్టరు కళ్లు పేజీ మీదే ఉన్నాయి.

“నాలుగు. కొడుతుంది. చేతులు కట్టాలి,” అని, ఐదో మంచానికి వెళ్ళిపోయింది.

పేజీలో లేని మాట ఆమె నోట్లోంచి తడుముకోకుండా వచ్చింది. మంచం మీద కూర్చున్న మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి, ‘చేతులు’ అన్న మాట పూర్తికాకముందే రెండు మణికట్లూ దగ్గరపెట్టి ముందుకి చాపింది. ఆయాలందరిలోకీ పాతామె, అందరూ పెద్దాయా అనే ఆమె, వచ్చి దూది పట్టీ చుట్టింది. పట్టీకీ చేతికీ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచడం భూతద్దం గమనించాడు. గమనించి మనసులో రాసుకున్నాడు.

చదువు అయ్యాక సిస్టరుని వరండాలోకి పిలిచాడు.

“నాలుగు దగ్గర ఏం చదివారు సిస్టర్?”

“ఉన్నదే చదివాను.”

“ఉన్నది చూపించండి.”

సిస్టరు పేజీ చూసింది. రెండుసార్లు చూసింది. “అయ్యయ్యో, ఇదెప్పుడు మార్చారండీ? నాకు చెప్పలేదేం?”

“నేను మార్చలేదు. చదివేది మీరు, చూసేది మీరు. మీకే తెలియాలి.”

“ఏడాది నుంచి రోజూ రెండుసార్లు చదువుతున్నాను. కళ్లు మూసుకుని చెప్పమన్నా చెప్తాను. ఇంకా చూసేదేముంది?” అని, ఆవిడ కూడా తక్కువ తిన్నది కాదు కాబట్టి, “అయినా ఈ రాత మీదే కదండీ,” అంది.

భూతద్దం రిజిస్టరు మూసేశాడు. “పక్కవాళ్ల మీద తోసే ముందు ఆలోచించండి. ఆమె అక్క వస్తుంటుందిగా, ఆవిడెలాంటిది?”

నాలుగో మంచం ఆమె అక్క సోమవారం, బుధవారం వస్తుంది. ఆ మధ్యాహ్నం గేటు దగ్గర ఆవిడని పట్టుకున్నాడు. చేతిలో సంచీ, వేలికి కుట్టుపనివాళ్లు పెట్టుకునే ఇత్తడి తొడుగు. తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది.

“మీ చెల్లెలి విషయంలో మీరు ఇక్కడ ఎవరితోనైనా మాట్లాడారా?”

“అందరితోనూ మాట్లాడాను. మీతోనే మాట్లాడలేదు. మీరు మీ రికార్డుల గది కిటికీ తియ్యరు కదా.” ఆవిడ అతని వంక తేరిపార చూసింది. “కొడుతుందని ఎవరు చెప్పారండీ మీకు? మేమిద్దరం పదకొండేళ్లు ఒకే షాపులో, ఎదురెదురు మిషన్ల మీద కుట్టాం. తిట్టేవాళ్లు వచ్చారు, కుట్టినవి మొహాన కొట్టినవాళ్లు వచ్చారు. అది నోరెత్తలేదు. పెనిమిటి పోయాక మాట పడిపోయిందని తీసుకొచ్చాను గానీ, చెయ్యి లేస్తుందని కాదు.”

“అందరి అక్కలూ అలాగే చెప్తారు.”

“అందరి గుమాస్తాలూ ఇలాగే అంటారా?” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అతను టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడే గానీ తాగలేదు. సిస్టరా? పట్టీ వదులుగా కట్టిన పెద్దాయానా? అక్క ఎవరినైనా బతిమాలుకుందా? అతని అత్తగారు వంటింట్లోంచి వచ్చి, బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. చేతిసంచీ నోరు తెరిచి అల్లుడికి కనపడేలా ఒక్క క్షణం పట్టుకుని, మూసుకుని వెళ్ళిపోయింది.

“ఆవిడేమిటి అలా చేసింది?” అన్నాడు పెళ్లాంతో.

“ఆర్నెల్లుగా అలాగే చేస్తోంది. మీకిప్పుడు కనపడిందా?” అందామె బట్టలు మడతపెడుతూ. “మీ పెన్ను కనపడకపోతే ‘ఈ ఇంట్లో వస్తువులు నడిచిపోతున్నాయి’ అంటారు. పేపరు కనపడకపోతే అదే మాట. మా అమ్మని దొంగ అని మీరెప్పుడూ అనలేదు, నిజమే. కానీ ఆవిడ బయటికి వెళ్తుంటే సంచీ వంక చూస్తారు. మొన్న నాతో ఏమందో తెలుసా? ‘ఏమోనే, మతిలేక నేనే ఏదైనా వేసుకుంటున్నానేమో, నువ్వోసారి చూడు’ అంది. డెబ్భై ఏళ్ల మనిషి.”

“నేను ఉత్తినే అన్న మాటకి ఆవిడ…”

“ఉత్తినే అన్నవే ఎక్కువ తగులుతాయి. కావాలని తిడితే తిరిగి తిట్టి ఊరుకుంటారు.”

భూతద్దానికి చల్లారిన టీ తాగక తప్పలేదు. పెళ్లాం తెలివైందని అతనికి మొదటినుంచీ అనుమానమే.

మంగళవారం అతనొక ఎత్తు వేశాడు. ఆడవాళ్ల వార్డులో పనిచేసే వాళ్లంతా ‘రోగులతో నెమ్మదిగా మాట్లాడతాను, కేకలు అక్కర్లేదు’ అని స్వదస్తూరితో రాసి ఇవ్వాలని పై నుంచి ఆర్డరు వచ్చిందన్నాడు. ముగ్గురు సిస్టర్లు, ఊడ్చే ఆమె, వంటగది నుంచి ట్రేలు తెచ్చే ఆమె, అందరూ గొణుక్కుంటూ రాశారు. ట్రేల ఆమె మాత్రం “కేకలు అక్కర్లేదని ముందు మీరు రాయండి సార్, మీరు రిజిస్టరు అడిగితే రెండు వార్డులకి వినపడుతుంది,” అంది. పెద్దాయా నవ్వి వేలిముద్ర వేసింది. నలభై ఏళ్లుగా జీతం కాగితం మీద కూడా వేలిముద్రే.

కాగితాలన్నీ పరిచి మధ్యాహ్నమంతా భూతద్దం పట్టాడు. ఏ ఒక్క రాతా కలవలేదు. కలిసేది తన రాతతోనే.

సాయంత్రం చదువు వేళకి వార్డు పక్కన దుప్పట్ల గదిలోకి వెళ్ళి, తలుపు ఓరగా వేసి నిలబడ్డాడు. దుప్పట్ల లెక్క చూస్తున్నానని చెప్పడానికి చేతిలో ఒక దుప్పటి కూడా పట్టుకున్నాడు. సిస్టరు చదవడం, వెళ్ళిపోవడం అయింది. పెద్దాయా దువ్వెన పట్టుకుని నాలుగో మంచం అంచున కూర్చుంది. ముందు పట్టీ విప్పి, ఆ మణికట్లు కాసేపు రుద్దింది. తర్వాత జుట్టు చిక్కు తీస్తూ ఏదో గొణగడం మొదలుపెట్టింది.

దొరికావు, అనుకున్నాడు. ఏదో మందో మంత్రమో పెడుతోంది. చెవి తలుపుకి ఆనించాడు.

“నాలుగు,” అంటోంది పెద్దాయా, అచ్చం సిస్టరు చదివే ధోరణిలోనే, కాకపోతే పసిపిల్లకి జోకొట్టేంత చిన్న గొంతుతో. “నెమ్మది. చేతులు వదలాలి.” దువ్వెన పాయలోంచి కిందికి జారింది. “నాలుగు. నెమ్మది. చేతులు వదలాలి.”

నాలుగో మంచం ఆమె కళ్లు మూసుకుని వింటోంది. పొద్దున కర్రల్లా బిగుసుకుపోయిన చేతులు ఒళ్లో విప్పారి పడి ఉన్నాయి. భూతద్దం కావాలనే లెక్కపెట్టాడు. జడ అయ్యేసరికి ఆ మాట ముప్పై రెండుసార్లు పడింది.

పెద్దాయా దువ్వెన కడగడానికి కుళాయి దగ్గరికి రాగానే ఎదురు నిలబడ్డాడు.

“గీకింది నువ్వేనా?”

ఆమె దువ్వెనలో జుట్టు తీస్తూనే ఉంది. “నేనే బాబూ.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటే అతనికి ఇంకా అనుమానం వచ్చింది. “నీకు రాయడం రాదు కదా. ఎవరిని కాపాడుతున్నావు?”

“రాయలేదు బాబూ, ముగ్గులా గీశాను. ఏడో మంచం పిల్లకి ఏం రాశారని సిస్టరుని అడిగితే ‘నెమ్మది, అక్కర్లేదు’ అంది. ఆ వంకరలే చూసి చూసి రొట్టెల కాగితం మీద వారం రోజులు నేర్చుకున్నాను. తోకలు కూడా మీరు పెట్టినట్టే పెట్టాను. బాగా రాలేదా?”

“బాగానే వచ్చింది,” అనేసి భూతద్దం నాలిక కరుచుకున్నాడు. “ఉద్యోగం పోతుంది, తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి ఎందుకు చేశావు?”

“పొద్దున పెట్టిన మాటని సాయంత్రానికి నేను తీసేస్తుంటాను బాబూ. రాత్రంతా ఉంచితే లోపలికి దిగిపోతుంది. ఏడాది పైన తీస్తూనే ఉన్నాను. పొద్దున్నే మళ్ళీ పెడుతున్నారు. నా చెయ్యి ఆడడం లేదు, ఓపికా లేదు. ఆ మాట పుట్టే చోటే తీసేద్దామనుకున్నాను.” దువ్వెన దులిపింది. “తీరా చూస్తే అది కాగితంలో లేదు, సిస్టరమ్మ నోట్లో ఉంది. అక్కడికెలా బ్లేడు పెట్టను?”

“మాటలతో జబ్బులు పోతాయా? మందులున్నాయి, డాక్టర్లున్నారు.”

“మందు కడుపులోకి పోతుంది. మాట ఎక్కడికి పోతుందో నాకు తెలీదు బాబూ. కానీ పోతుంది. వచ్చిన కొత్తలో నా పైబట్ట అంచు ఊడితే, అడక్కుండానే కుట్టిపెట్టింది ఆ తల్లి. సూది ఈ చేతులతోనే ఇచ్చాను. తర్వాత ఒకరోజు పొద్దున కొడుతుందని చదివారు. ఎవరిని కొట్టిందమ్మా అంటే సిస్టరమ్మకీ తెలీదు. రాసి ఉంది, అంతే.”

బుధవారం పొద్దున భూతద్దం తెల్లకాగితం తీసి ఫిర్యాదు మొదలుపెట్టాడు. పెద్దాయా అంటే అతనికి కోపం లేదు. కానీ ఇవాళ జాలిపడి ఒక మాట మారిస్తే, రేపు ఇంకెవరో పగపట్టి ఇంకో మాట మారుస్తారు. రిజిస్టరు అంటే రిజిస్టరే. అసలు మాట ‘కొడుతుంది’ అని రుజువు చూపడానికి పాత రిజిస్టర్ల సంఖ్య, పేజీ కూడా వెయ్యాలనుకుని బీరువా తీశాడు. మూడు నెలలకొకటి నిండుతుంది. నిండగానే వరసలన్నీ కొత్తదానికి ఎక్కించేది తనే.

ఈ ఏడాది నిండినవి మూడూ చూశాడు. ‘కొడుతుంది, చేతులు కట్టాలి.’ స్పష్టంగా ఉంది. దానికి వెనకది తీశాడు. నాలుగో వరసలో ‘పైలాగే, పైలాగే’ అని ఉంది. పై వరస, అంటే మూడో మంచం, ‘కొడుతుంది, చేతులు కట్టాలి.’ సరిపోయింది. నిదానంగా ఫిర్యాదులో పేజీ నంబరు వేసుకున్నాడు. ఇంకొక్కటి కూడా చూస్తే పని పూర్తవుతుందని, ఆమె చేరిన నాటి రిజిస్టరు తీశాడు.

అక్కడా నాలుగో వరసలో ‘పైలాగే, పైలాగే’ అనే ఉంది. మూడో వరసలో మాత్రం వేరే పేరు ఉంది. దాని పక్కన, తోక పైకి లాగిన అదే రాతతో, ‘నెమ్మది, అక్కర్లేదు.’

అతను కాగితం మీద భూతద్దం పెట్టలేదు. పెట్టక్కర్లేదు. కుర్చీ వెనకాల పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు గుర్తొస్తోంది. ఎక్కించే రోజున మూడో మంచం పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్తుందంటే, ఆ వరస ఖాళీగా వదిలి మిగతావన్నీ ఎత్తి రాసేశాడు, పైలాగేతో సహా. మర్నాడు మూడో మంచానికి కొత్త మనిషి వచ్చింది. ఆవిడ నిజంగానే కొట్టేది. ఖాళీ వరసలో ఆ సంగతి రాశాడు. కింద వరస వంక చూడలేదు. మూడు నెలల తర్వాత ఆవిడని ఇంకో వార్డుకి మార్చినప్పుడు, పైన మనిషి లేనప్పుడు ‘పైలాగే’ అని ఉంటే ఎవరైనా పొరబడతారని, ఎంతో జాగ్రత్తగా, పూర్తి మాటలు విప్పి రాశాడు. ఆ జాగ్రత్తకి అప్పుడు తనని తాను మెచ్చుకున్నాడు కూడా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని నవ్వుతారు. ఇతను మూడు రోజులుగా ఊరందరి భుజాలూ తడిమాడు.

ఘటనల పుస్తకం తీశాడు. నాలుగో మంచం పేరు మీద రెండు ఘటనలున్నాయి. సిస్టరు చెయ్యి గీరింది, ట్రే తోసేసింది. తారీఖులు చూశాడు. వచ్చిన మొదటి మూడు నెలల్లో ఒక్కటీ లేదు. ‘కొడుతుంది’ అని చదవడం మొదలుపెట్టిన మూడో వారం మొదటిది. చేతులు కడుతుండగా గీరిందని అక్కడే రాసి ఉంది. ఏడుపు వస్తుందేమోనని తలుపు గడియ వేసుకున్నాడు. వచ్చింది.

ఈ సంగతి తెలిసినవాడు తనొక్కడే. పాత రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేస్తే, ఆయా దొంగ, తను నికార్సైన మనిషి. ఇరవై రెండేళ్లలో ఒక్క ఎర్రగీత లేదు. చాలాసేపు తాళంచెవి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఫిర్యాదు చింపేశాడు. కొత్త రిజిస్టరు తెరిచి, ‘నెమ్మది’ పక్కన, ‘అక్కర్లేదు’ పక్కన, తప్పు దిద్దినచోట పెట్టే చిన్న సంతకాలు రెండు పెట్టి, ఆ రోజు తారీఖే వేశాడు.

గురువారం పెద్ద డాక్టరు ముందు ఆరు రిజిస్టర్లు, ఘటనల పుస్తకం చీటీలు పెట్టి పరిచాడు. డాక్టరు అద్దాలు నుదుటి మీదికి తోసుకుని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు.

“రాత పొరపాటే అనుకుందాం. కానీ రెండుసార్లు చెయ్యి చేసుకుంది కదా? ఇది నిజమేగా?”

“ముందు మనం రాశాం సార్. తర్వాత ఆవిడ కొట్టింది. తారీఖులు చూడండి.”

డాక్టరు తారీఖులు చూశాడు. పక్కనున్న రెండో డాక్టరుకి చూపించాడు. “మరి ఇది ఎవరు దిద్దారు?” అన్నాడు, నూగు లేచిన చోట గోటితో తడుతూ.

“నా రాతే కదా సార్. సంతకం కూడా ఉంది.”

“బ్లేడుతో గీకి దిద్దుతారా ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాళ్లు? దీనికి మీకు మెమో వస్తుంది.”

“రావాలి సార్.”

ఆమెని పిలిచారు. చేతులు వదిలేసి ఉన్నా దగ్గరగానే పెట్టుకుని వచ్చింది. వెనకాల అక్క. డాక్టర్లు అడిగినవాటికి ఒక్కో మాటలో జవాబు చెప్పింది. మాట రావడం చూసి పెద్ద డాక్టరు తలాడించి, అక్క వంక తిరిగి, “ఇవాళే తీసుకెళ్లండి, నెలకొకసారి చూపించండి,” అన్నాడు. అక్క గోడకి ఆనుకుంది. చెల్లెలు మాత్రం కదల్లేదు. ఈ మాట వెనక ఇంకేదో ఉందన్నట్టు ఒక్కొక్కరి మొహమే చూస్తోంది.

“తప్పు నాదమ్మా,” అన్నాడు భూతద్దం. “మీకు లేని మాట మీ మీద రాశాను. పై వరసది కిందికి వచ్చేసింది.”

ఆమె అతన్ని నమ్మలేదు. “నేను సిస్టరుని గీరాను,” అంది.

“గీరారు.”

“అది ముందా? మీ రాత ముందా?”

“నా రాతే ముందమ్మా.”

ఆమె తన మణికట్ల వంక చూసుకుంది. “ఏడాది నుంచి నాలో ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాను,” అంది.

ఇంటికి పంపే కాగితం మీద కూడా స్వభావం అని ఒక గడి ఉంది. పెద్ద డాక్టరు గడియారం చూసుకుని, “నెమ్మది అని రాసేయండి,” అన్నాడు. భూతద్దం పెన్ను ఆనించాడు.

“వద్దు,” అంది ఆమె.

“మంచి మాటే కదమ్మా,” అన్నాడు డాక్టరు.

“రేపెప్పుడైనా నాకు కోపం వస్తే?”

భూతద్దం పెన్ను ఎత్తి డాక్టరు వంక చూశాడు. ఇరవై రెండేళ్లలో అతను ఒక్క గడి ఖాళీగా పంపలేదు. డాక్టరు భుజాలు ఎగరేశాడు. గుమాస్తా ఆ గడిని అలాగే వదిలి, ఖాళీ పొరపాటు కాదని తెలిసేలా పక్కన సంతకం పెట్టి, కాగితం ఆమెకి చాపాడు.

ఆమె తీసుకోలేదు. “చదవండి,” అంది.

అతను లేచి నిలబడ్డాడు. ఎన్నోసార్లు రాసి, ఒక్కసారీ పలకని ఆమె పేరు గట్టిగా చదివాడు. ఆమె అతని నోటి వంకే చూస్తూ, తర్వాతి మాట కోసం ఒళ్లు బిగించుకుని నిలబడింది. అతను ఇంకేమీ చదవలేదు.

“ఇంకేం లేదా?”

“లేదమ్మా.”

“మళ్ళీ చదవండి,” అంది.

అతను మళ్ళీ చదివాడు.